గాలా, నీళ్లా? కంప్యూటరు వేడి వెనుక ఒక పాత కథ



బెంగళూరులో సిటీ మార్కెట్టుకు దగ్గరగా ఎస్.పి. రోడ్డు అని ఒక వీధి ఉంది. మోటార్లు, ఇనుప సామాను, రేడియో విడిభాగాలు కొనడానికి మన పెద్దలు వెళ్లిన వీధి అది. ఇప్పుడు అక్కడికి కోలారు, చింతామణి, హిందూపురం, మదనపల్లె నుంచి పొద్దున్నే రైలో బస్సో ఎక్కి మన పిల్లలు వెళ్తున్నారు. కంప్యూటరుకు కావలసిన భాగాలు విడివిడిగా కొని, ఇంటికి తెచ్చి, తామే బిగించుకుంటారు. ఆటల కోసం కట్టే ఈ కంప్యూటర్లను చాలామంది కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడుపుతారు. దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడిని తీయడానికి గాలి కూలరు పెట్టాలా, నీటి కూలరు పెట్టాలా అన్నది వాళ్ల మధ్య తెగని వాదం. మంచి గాలి కూలరు రెండు మూడు వేల రూపాయలకు వస్తుంది. నీటి కూలరుకు ఏడెనిమిది వేల నుంచి ఇరవై వేల దాకా అవుతుంది. డబ్బు ఇచ్చేది తల్లిదండ్రులు కనుక చివరికి ప్రశ్న వాళ్ల దగ్గరికే వస్తుంది. మా బడిలో చదివి వెళ్లిన పిల్లల తండ్రులు ఒకరిద్దరు నన్నూ అడిగారు.

నిజానికి ఈ ప్రశ్న ఈ పిల్లలకంటే చాలా పాతది. కంప్యూటర్ల చరిత్ర పొడుగునా గాలి, నీరు వంతులవారీగా గెలుస్తూ, ఓడుతూ వచ్చాయి. ఎప్పుడు ఏది ఎందుకు గెలిచిందో తెలిస్తే కొట్టువాడి మాట మీద ఆధారపడనక్కర లేదు.

ముందు వేడి సంగతి. కంప్యూటరు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9 13900కె అనే ప్రాసెసరు పూర్తి పనిలో 253 వాట్లు తీసుకోవడానికి కంపెనీ స్వయంగా అనుమతి ఇచ్చింది. ఆ చిప్పు వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె 1,000 వాట్లు తీసుకున్నా, ఆ వేడి రెండు వందల చదరపు సెంటీమీటర్ల అడుగుభాగం మీద పరచుకుంటుంది. లెక్క వేసి చూడండి. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు ఇస్త్రీపెట్టె మీద 5 వాట్లు, చిప్పు మీద దాదాపు 100 వాట్లు. అంటే ఇరవై రెట్లు. పైగా ఇస్త్రీపెట్టె వేడెక్కడానికే పుట్టింది. చిప్పు మాత్రం 100 డిగ్రీల దగ్గరికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఓవర్‌క్లాకింగ్ చేసిన ప్రయోజనమే పోతుంది.

ఓవర్‌క్లాకింగ్‌లో మరో తిరకాసు ఉంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. చిప్పు లోపలి మీటలు తెరుచుకుని మూసుకోవడంలో పుట్టే వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతోనైతే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం పదోవంతు, వోల్టేజీ పదోవంతు పెంచితే వేడి పెరిగేది పదోవంతు కాదు, దాదాపు మూడోవంతు. కొంచెం వేగం కోసం చాలా వేడి కొనుక్కుంటున్నామన్నమాట.

ఇక గాలి, నీరు. మన పల్లెల్లో ఈ రెండు పద్ధతులనూ అందరూ చూసే ఉంటారు. బుల్లెట్ మోటారు సైకిలు ఇంజనుకు చుట్టూ పలకలు పలకలుగా రెక్కలు ఉంటాయి. బండి పోతుంటే గాలి తగిలి చల్లబడుతుంది. బావి దగ్గర ఆయిల్ ఇంజనుకైతే పక్కన డ్రమ్ముతో నీళ్లు పెట్టేవాళ్లం. లారీకి, కారుకు ముందు రేడియేటరు ఉంటుంది. కంప్యూటరు గాలి కూలరు బుల్లెట్ రెక్కల వంటిది, దానికొక ఫ్యాను ఉంటుంది. నీటి కూలరు లారీ రేడియేటరు వంటిది. చిప్పు మీద ఒక రాగి దిమ్మ, అందులో నుంచి గొట్టాల గుండా నీళ్లు, ఒక చిన్న పంపు, పెట్టె అంచున రేడియేటరు, దానికి ఫ్యాన్లు.

ఇక్కడ ఒక మాట గమనించండి. రేడియేటరుకూ ఫ్యాన్లు ఉన్నాయి. నీరు వేడిని మాయం చేయదు, మోసుకుపోతుంది. మోసుకుపోయి చివరికి అప్పగించేది గాలికే. కాబట్టి అసలు ప్రశ్న గాలా నీళ్లా అన్నది కాదు. వేడిని పుట్టిన చోటనే గాలికి ఇవ్వగలమా, లేక ఇంకో చోటికి మోసుకుపోయి ఇవ్వాలా అన్నది. అలాగే, మన ఇళ్లలో వాడే గడ్డి తడకల ఎయిర్ కూలరుతో దీన్ని పోల్చకండి. అందులో నీరు ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. కంప్యూటరు గొట్టాల్లోని నీరు ఆవిరి కాదు, మూసిన వలయంలో తిరుగుతుంది. గది వేడికంటే ఒక్క డిగ్రీ కూడా కిందికి దిగలేదు.

మోసే విషయంలో మాత్రం గాలికి నీటితో పోటీ లేదు. పదో తరగతిలో విశిష్టోష్ణం అని చదువుకుంటారు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో, దానితో సుమారు 3,500 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. దీని విలువ మన సరిహద్దులోనే ఉన్న కోలారు బంగారు గనుల్లో తెలిసింది. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు తరతరాలుగా పనిచేసిన ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. యంత్రాలతో చల్లార్చిన గాలిని కిందికి పంపితేనే మనిషి అక్కడ పనిచేయగలిగేవాడు. కానీ అంత దూరం పోయేసరికి గాలి తన చల్లదనాన్ని చాలావరకు దారిలోనే పోగొట్టుకుంటుంది. ఇంకా లోతైన దక్షిణాఫ్రికా గనుల్లో 1970ల నుంచి చల్లార్చిన నీటిని, 1980లలో మంచును కూడా కిందికి పంపడం మొదలుపెట్టారు. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వేడి ఎక్కువై, దూరం ఎక్కువైనప్పుడు గాలి చేతులెత్తేస్తుందన్న ఆ పాఠం కంప్యూటర్లకూ వర్తిస్తుంది. అక్కడ దూరం కిలోమీటర్లలో, ఇక్కడ సెంటీమీటర్లలో.

ఇప్పుడు కంప్యూటర్ల కథకు వద్దాం. 1946లో అమెరికాలో లోకానికి చూపిన ఎనియాక్‌లో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. 150 కిలోవాట్ల కరెంటు తినేది. పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి కొట్టేవారు. ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లు రాగానే వేడి తగ్గింది. 1970లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, అంటే మనవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోట, ఐబీఎం 360 మోడల్ 44 యంత్రంతో కంప్యూటరు కేంద్రం మొదలయింది. ఏసీ హాలు, అందులో చల్లటి గాలి, అంతే సరిపోయింది.

అయితే అదే ఐబీఎం 1960లలోనే తన అతి వేగవంతమైన మోడల్ 91కు నీళ్లు పెట్టవలసి వచ్చింది. 1980లో ప్రకటించిన 3081 యంత్రంలో వంద దాకా చిప్పులను ఒకే దిమ్మలో ఇరికించి, దాని మీద నీరు పారే పలక బిగించారు. సేమూర్ క్రే అనే ఇంజినీరు ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1976 నాటి క్రే-1లో ఫ్రిజ్‌లో వాడే ఫ్రియాన్‌ను గొట్టాల్లో తిప్పాడు. 1985 నాటి క్రే-2లో సర్క్యూట్లను కరెంటు ప్రవహించని ఒక ద్రవంలో ముంచేశాడు. ఊరగాయ నూనెలో మునిగినట్లు అనుకోండి. వేగం కావాలంటే భాగాలు దగ్గరగా ఉండాలి, దగ్గరగా ఉంటే వేడి గుమిగూడుతుంది, గుమిగూడితే గాలి చొరబడలేదు. క్రే పడిన అవస్థ అంతా ఇదే.

అటువంటి క్రే యంత్రం మన దేశానికి సులభంగా దొరకలేదు. వాతావరణ అంచనాల కోసం ఢిల్లీకి 1988లో ఒక క్రే ఎక్స్‌ఎంపీ వచ్చింది గాని, అంతకంటే శక్తిగల యంత్రాలు అమ్మడానికి అమెరికా ఒప్పుకోలేదు. ఆ ఏడే పూణేలో సీడాక్ పుట్టింది, 1991లో పరమ్ 8000 తయారయింది. కానీ దానికంటే ముందే బెంగళూరులో ఒక పని జరిగింది. 1986లో నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో ఫ్లోసాల్వర్ అనే కంప్యూటరును కట్టారు. మన దేశంలో తొలి సమాంతర కంప్యూటరు అదే. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు రొద్దం నరసింహ గారు. రొద్దం అనే ఊరు మన హిందూపురానికి, పెనుకొండకు దగ్గరలోనే ఉంది కనుక ఆ ఇంటిపేరు వింటే మనకు కొంచెం దగ్గరితనం. ఆయన 2020లో కన్నుమూశారు.

ఫ్లోసాల్వర్‌లో ఉన్నవి ఇంటెల్ 8086 వంటి మామూలు చిప్పులు. నిప్పుకణికలాంటి ఒక్క ప్రాసెసరును కట్టి దాన్ని చల్లార్చడానికి తంటాలు పడటానికి బదులు, చిన్న చిప్పులను కొన్నిటిని కలిపి ఒకే లెక్కను పంచి ఇచ్చారు. పని పంచుకున్నట్లే వేడి కూడా పంచుకుపోతుంది. మామూలు గాలి సరిపోతుంది. ఈ యంత్రం గురించి చెప్పేవాళ్లు దాని వేగం గురించి, స్వదేశీతనం గురించి చెబుతారు. వేడి విషయంలో కూడా అది తెలివైన దారి అని నా అభిప్రాయం.

లోకం కూడా కొంతకాలం ఆ దారినే నడిచింది. 1990ల మధ్యలో ఐబీఎం తన పెద్ద యంత్రాల్లో తక్కువ వేడి పుట్టించే సీమాస్ చిప్పులకు మారింది, నీటి గొట్టాలు పీకేసి మళ్లీ గాలికి వచ్చింది. ఇంటి కంప్యూటర్లలో అప్పటికి వేడి పెద్ద సమస్యే కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ చిప్పును కుర్రాళ్లు 300 మెగాహెర్ట్జ్ నుంచి 450కి ఎగదోసేవారు. మామూలు ఫ్యానుతోనే నడిచేది. ఓవర్‌క్లాకింగ్‌కు అంత పేరు రావడానికి ఆ చవక చిప్పు ఒక ముఖ్య కారణం.

తర్వాత మళ్లీ వేడి పెరిగింది. 2004లో ఇంటెల్ పెంటియం 4 వంద వాట్లు దాటింది. అదే ఏడు ఆపిల్ కంపెనీ తన పవర్‌మాక్ జీ5కు కొట్టులో అమ్మేటప్పుడే నీటి కూలరు పెట్టి ఇచ్చింది. వాటిలో కొన్ని కారి, కంప్యూటర్లు పాడయ్యాయన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇంకా వేడి చిప్పులు తేబోయిన ఇంటెల్ ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే మానుకుంది. ఒకే కోరును పరుగెత్తించడం మాని, రెండు, నాలుగు కోర్ల బాట పట్టింది. ఆ బాటలో బెంగళూరుకూ ఒక మెట్టు ఉంది. 2008లో విడుదలైన జియాన్ 7400 శ్రేణి, అంటే ఇంటెల్ తొలి ఆరు కోర్ల ప్రాసెసరు, బెంగళూరులోని ఇంజినీర్లు రూపొందించినది. అందులో అన్నిటికంటే పెద్దది 130 వాట్లది. గాలితో చల్లబడేది.

ఈలోగా గాలి కూలరు లోపల ఒక మార్పు జరిగింది. బయటికి కనబడదు గాని, నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం ఇదే. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జి గ్రోవర్ హీట్ పైపును తయారుచేశాడు. మూసేసిన రాగి గొట్టం, లోపల గాలి తీసేసి కొన్ని చుక్కల నీరు. ఒక కొన వేడెక్కితే నీరు ఆవిరై రెండో కొనకు పరుగెత్తుతుంది, అక్కడ చల్లబడి మళ్లీ నీరవుతుంది, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు లోపలి పొర ఆ నీటిని వెనక్కు పీల్చుకుంటుంది. పంపు లేదు, కరెంటు లేదు. ఇటువంటి గొట్టాలే, నీటికి బదులు అమ్మోనియాతో, ఉపగ్రహాల్లో వేడిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చేరుస్తాయి. ఈ శతాబ్దం మొదట్లో ఇవి ఇంటి కంప్యూటరు కూలర్లలోకి వచ్చాయి. ఆస్ట్రియాకు చెందిన నోక్టువా 2009లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ14 వంటి జంట గోపురాల కూలర్లతో గాలి మళ్లీ నీటికి దీటుగా నిలబడింది. అంటే గాలి కూలరు లోపల నీరుంది, నీటి కూలరు చివర గాలి ఉంది. వాదించుకునే పిల్లలకు ఈ సంగతి చెబితే కొంచెంసేపు మౌనంగా ఉంటారు.

నీటివైపు కూడా మార్పు వచ్చింది. తొలినాళ్ల ఉత్సాహవంతులు కారు హీటరు రేడియేటరు, చేపల తొట్టి పంపు తెచ్చి తామే గొట్టాలు బిగించుకునేవారు. డెన్మార్కుకు చెందిన ఏసెటెక్ వంటి కంపెనీలు దానిని ఫ్యాక్టరీలోనే నింపి సీలు వేసిన పెట్టెగా మార్చాయి. ఈనాడు ఎస్.పి. రోడ్డులో దొరికే వాటిలో ఎక్కువ భాగం ఈ రకమే. 2011లో ఏఎండీ తన చిప్పును ద్రవ హీలియం పోసి 8.4 గిగాహెర్ట్జ్ దాటించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అది కోడిపందెం వంటిది, సంసారపక్షానికి పనికిరాదు.

పెద్ద యంత్రాల్లో మాత్రం తూకం ఇప్పుడు మళ్లీ నీటివైపే మొగ్గింది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 2015లో పెట్టిన సహస్రటి అనే క్రే యంత్రం సగం దారి యంత్రం. గాలి అడ్డంగా అల్మారా నుంచి అల్మారాకు పోతుంది, మధ్య మధ్య నీటి చుట్టలు దానిని చల్లబరుస్తాయి. 2022లో అక్కడే వచ్చిన పరమ్ ప్రవేగ, 3.3 పెటాఫ్లాప్‌ల యంత్రం, ప్రాసెసర్ల మీదుగా నేరుగా ద్రవం ప్రవహించే రకం. ఈ రకం యంత్రాలకు మంచునీళ్లు అక్కరలేదు, 40 డిగ్రీల గోరువెచ్చని నీరు పంపినా చిప్పులు సుఖంగా ఉంటాయి. ఎండకాలంలో కూడా బయటి గాలితోనే ఆ నీటిని చల్లార్చుకోవచ్చు.

ఇక్కడ మన జిల్లాలకు సంబంధించిన మాట ఒకటి ఉంది. నీటిని మూసిన గొట్టాల్లో తిప్పితే నీటి ఖర్చు లేదు. కానీ చాలా పెద్ద భవనాల్లో చివరి అంచెలో కూలింగ్ టవరు ఉంటుంది, అక్కడ నీరు నిజంగానే ఆవిరైపోతుంది. ఒక మెగావాటు వేడిని అలా తీస్తే రోజుకు సుమారు 35,000 లీటర్లు, అంటే మూడు పెద్ద ట్యాంకర్లు. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజులు గుర్తున్నాయి కదా. 2018 నుంచి కోలారు చెరువుల్లోకి వస్తున్నది కూడా కోరమంగల, చల్లఘట్ట లోయల్లో శుద్ధిచేసిన ఆ నగరపు వాడిన నీరే. నగరంలో నీరు ఎక్కడ ఆవిరవుతుందన్నది దిగువన ఉన్న మన చెరువుకూ సంబంధించిన లెక్క. ఇంట్లో కంప్యూటరు కూలరుకు మాత్రం ఈ భయం లేదు. దానిలో ఉండేది అర లీటరు లోపే.

మరి ఇంటి కంప్యూటరుకు ఏది? మొదట గది వేడి చూడాలి. బెంగళూరులో ఇప్పటివరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, 2016 ఏప్రిల్ 24న. బళ్లారి, రాయచూరు, అనంతపురాల్లో 40 దాటడం ఏటా మామూలే. గది 40 ఉంటే ఏ కూలరైనా లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బెంగళూరుకు వేరే ఇబ్బంది ఉంది. 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కనుక అక్కడ గాలి సముద్రతీరం కంటే దాదాపు పదోవంతు పలచన. అందుకే సర్వర్లకు 900 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున గది వేడి పరిమితిని తగ్గించుకునే పద్ధతి ఉంది. రేడియేటరుకు కావలసిందీ అదే పలచని గాలి కనుక నీరు కొన్నా ఈ తేడా తప్పదు.

నీటి కూలరు మొదట్లో చాలా బాగున్నట్లు కనబడుతుంది. నీరు వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కదా, కొట్టులో ఐదు నిమిషాలు నడిపి చూపితే అంకెలు ముచ్చటగా ఉంటాయి. గంటసేపు ఆడాక చూడాలి. పైగా దానిలో పంపు ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గోడల గుండా నీరు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, పంపు ఆగితే చెప్పాపెట్టకుండా ఆగుతుంది. గాలి కూలరులో చెడేది ఫ్యాను ఒక్కటే. అది గరగరమని ముందే చెబుతుంది, కొత్తది కొన్ని వందల రూపాయలు. మన సీమ దుమ్ముకు రెండిటి రెక్కలూ మూసుకుపోతాయి, నెలకొకసారి బ్రష్షు పెట్టవలసిందే.

నా లెక్క ఇది. చిప్పు 150, 200 వాట్ల లోపల ఉంటే హీట్ పైపుల గాలి కూలరు చాలు, మిగిలిన డబ్బుతో పెట్టెకు రెండు మంచి ఫ్యాన్లు కొనుక్కోవడం మేలు. ఎందుకంటే ఆటల కంప్యూటరులో ప్రాసెసరు కంటే గ్రాఫిక్స్ కార్డే ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి గాలి బయటికి పోవాలి. 250 వాట్లు దాటి గంటల తరబడి పనిచేయించేవాళ్లకు, అంటే ఆటలతో పాటు వీడియోలు, లెక్కల పని చేసేవాళ్లకు, పెద్ద రేడియేటరు గల నీటి కూలరుకు అర్థం ఉంది. పెట్టె చిన్నదై గోపురం లాంటి కూలరు పట్టకపోయినా అంతే. ఏది కొన్నా 500 వాట్ల యంత్రం మూసిన గదిలో 500 వాట్ల హీటరే. కిటికీ తెరవాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఓవర్‌క్లాకింగ్ తీసేసి మామూలు వేగానికి మార్చుకుని, జూన్‌లో తొలకరి పడ్డాక మళ్లీ పెంచుకోవచ్చు. దానికి రూపాయి ఖర్చు లేదు.